చెన్నై తెలుగు సంఘం నుంచి శ్రీలంక తేయాకు కొండలకు: యూత్ మిషన్ ట్రిప్ ఎలా నడపాలి

శ్రీలంకలో హట్టన్ దగ్గర ఒక తేయాకు ఎస్టేట్. అక్కడ యూత్ కూడిక నడిపే అన్న దగ్గర ఒక నోటు పుస్తకం చూశాను. బ్రౌన్ పేపర్ అట్ట, అరిగిపోయిన మూలలు, విడిపోకుండా చుట్టిన రబ్బరు బ్యాండు. ఒక్కో పేజీ ఒక్కో పిల్లవాడిది. పేరు, పరీక్ష ఎప్పుడు, ఇంట్లో ఎవరున్నారు, ఏ వారం రాలేదు, ఎందుకు రాలేదు. ఒక పేజీలో పెన్సిలుతో తమిళంలో ఇలా ఉంది: "అమ్మ కువైట్ వెళ్ళింది. అవ్వ దగ్గర ఉంటున్నాడు. శనివారం ఇంటికి వెళ్ళి చూడాలి." ఆయన పగలంతా టీ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. సాయంత్రం నలభైమంది యవనస్థుల్ని చూసుకుంటాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం సంగతి మాకు తెలియదు. చెన్నై నుంచి మా స్కిట్లు, మా యాక్షన్ సాంగ్స్, ఒకే రంగు టీ షర్టులు పట్టుకెళ్ళాం. మూడు రోజులు పిల్లలు మమ్మల్ని వదల్లేదు. ఎంతో సంతోషంగా తిరిగొచ్చాం. ఆ తర్వాత రెండు నెలలపాటు ఆయన కూడికకు సగం మందే వచ్చారట. వచ్చినవాళ్ళు కూడా "ఇండియా అన్నలు మళ్ళీ ఎప్పుడొస్తారు" అని అడిగేవాళ్ళట. మేం గుచ్చి గుచ్చి అడిగితేనే ఆయన ఈ మాట చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి మా ట్రిప్పుకు ఒకటే లెక్క పెట్టుకున్నాం. ఏడాది పొడుగునా అక్కడే ఉండి ఆ పుస్తకం రాసే మనిషికి మేం వెళ్ళాక పని తేలికైందా, బరువైందా? కింద చెప్పే ప్రతి అడుగూ ఆ లెక్క నుంచి వచ్చిందే.

పిలుపు అక్కడి నుంచి రావాలి

తెలుగు సంఘానికి విదేశీ పరిచర్య కొత్త కాదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఓడలో వెళ్ళారు. చెరకు, తేయాకు తోటల్లో కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళు తమకు కాపరి కావాలని కోరితే, ఇక్కడి తెలుగు బాప్టిస్టు సంఘాలు ఆయన్ని పంపాయి. అడిగింది అక్కడివాళ్ళు, పంపింది ఇక్కడివాళ్ళు. ఇప్పటికీ ఈ వరస తప్పకూడదు.

కాబట్టి ప్రయాణానికి కనీసం ఎనిమిది నెలల ముందు అక్కడి పాస్టర్ గారితో, యూత్ లీడర్‌తో వీడియో కాల్‌లో కూర్చోండి. "మేం వచ్చి ఏం చేయాలి?" అని అడిగితే మొహమాటంతో "మీరు రావడమే చాలు, బ్రదర్" అంటారు. ప్రశ్న మార్చండి. మీ కూడికలో ఏ వయసువాళ్ళు జారిపోతున్నారు? మీరొక్కరే చేయలేక ఆగిపోయిన పనేంటి? లీడర్లుగా ఎదగగలిగినవాళ్ళు ఎవరు? మేం ఏం చేస్తే మీకు ఇబ్బంది అవుతుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు రావడానికి మాకు మూడు కాల్స్ పట్టింది. అయినా వదలొద్దు.

జవాబుల్ని ఒక పేజీ ఒప్పందంగా రాసుకోండి. తేదీలు, మనిషికో పని, ఏ ఖర్చు ఎవరిది, ఫోటోలకు హద్దులు అందులో ఉండాలి. రెండువైపులా పెద్దలు సంతకం చేయాలి. మనవాళ్ళకు ఇలాంటి కాగితాలు పరాయితనంలా అనిపిస్తాయి. కానీ తర్వాత వచ్చే మనస్పర్థలు సగం ఇక్కడే తెగిపోతాయి.

శ్రీలంక ఎందుకు, ఎప్పుడు

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద వరం భాష. పెరంబూరులోనో, వేపేరిలోనో, ఆవడిలోనో పెరిగిన మన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కొండ ప్రాంతపు తేయాకు తోటల్లో మాట్లాడేదీ తమిళమే. దుబాసీ లేకుండా ఒక పదహారేళ్ళ అమ్మాయి పక్కన కూర్చుని ఆమె చెప్పేది వినగలగడం చిన్న విషయం కాదు. అన్నట్టు, శ్రీలంకలో తెలుగు మాండలికం మాట్లాడే అహికుంటక అనే సంచార సముదాయం కూడా ఉంది. ఆ మాట తెలిసినప్పుడు మా గుంపులో అందరికీ ఒళ్ళు పులకరించింది.

తేదీలు స్కూలు క్యాలెండర్ చూసి పెట్టండి. ఓ లెవెల్, ఏ లెవెల్ (మన పదో తరగతి, ఇంటర్ లాంటివి) పరీక్షల దగ్గర వెళితే పిల్లలకు మనం అడ్డం. ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో సింహళ, తమిళ కొత్త సంవత్సరం. ఊరంతా సొంత ఇళ్ళకు వెళుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు హట్టన్, నువర ఎలియ వైపు గట్టిగా పడతాయి. జనవరి నుంచి మార్చి మంచి కాలం. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫానుకు ఆ కొండల్లో చాలాచోట్ల చరియలు విరిగిపడ్డాయి. కాబట్టి టికెట్లు కొనేముందు రోడ్డు, రైలు ఎలా ఉన్నాయో అక్కడివాళ్ళనే అడగండి. ప్రతి పౌర్ణమీ అక్కడ పోయ సెలవు, మద్యం, మాంసం అమ్మకాలు ఉండవు. వంటకు సరుకులు ముందురోజే తెచ్చుకోవాలి.

జట్టు

ఎనిమిది మంది చాలు, పదికి మించొద్దు. ఒక్క వ్యాన్‌లో పట్టాలి, హోస్ట్ ఇంటి వంటగదికి భారం కాకూడదు. మగ, ఆడ లీడర్లు ఇద్దరూ ఉండాలి. పాటలు పాడేవాళ్ళకంటే ముందు, తమిళంలో ఓపికగా వినగలిగేవాళ్ళను చూడండి. మా జట్టులో అందరికంటే ఎక్కువ ఉపయోగపడింది ఒక రిటైర్డ్ స్కూల్ టీచరమ్మ. ఆమెకు గిటార్ రాదు, స్టేజీ ఎక్కదు. అమ్మాయిలు మాత్రం ఆమె చుట్టూనే ఉండేవారు.

పెద్ద కానుక ఇచ్చినవారి అబ్బాయి అని ఎవర్నీ చేర్చుకోవద్దు. ఇది చెప్పడం కష్టం, పెద్దల కమిటీలో మాటలు వస్తాయి. అందుకే ఎంపిక నియమాలను దరఖాస్తులు తీసుకోకముందే సంఘంలో చదివి వినిపించండి. కనీసం ఏడాదిగా ఇక్కడి సండే స్కూల్‌లోనో, యూత్ ఫెలోషిప్‌లోనో సేవ చేస్తూ ఉండాలి అన్నది మా మొదటి నియమం.

వీసా, కాగితాలు

పాస్‌పోర్ట్‌కు ప్రయాణ తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. అందరి గడువు తేదీలూ ఒకే షీట్‌లో రాసి పెట్టుకోండి. మా జట్టులో ఒకరిది నాలుగు నెలలే ఉందని చివరి నెలలో తెలిసింది. తత్కాల్‌లో పరుగెత్తాల్సి వచ్చింది, ఇల్లంతా టెన్షన్.

శ్రీలంకకు ముందుగా ఆన్‌లైన్‌లో ఈటీఏ (ప్రయాణానికి ముందే తీసుకునే ఎలక్ట్రానిక్ అనుమతి) తీసుకోవాలి. ఇక్కడ ఒక తప్పు చాలా సంఘాలు చేస్తాయి. సభలు, శిక్షణ కార్యక్రమాలు పెట్టుకుని టూరిస్ట్ అని రాస్తాయి. అలా చేయకండి. మీ కార్యక్రమం మొత్తం రాసి, ఏ కోవలో అనుమతి తీసుకోవాలో హోస్ట్ చర్చి చేత అక్కడి ఇమిగ్రేషన్ శాఖను రాతపూర్వకంగా అడిగించండి. చెన్నైలోనే శ్రీలంక డిప్యూటీ హైకమిషన్ ఉంది, అక్కడా అడగొచ్చు. సువార్త పని అబద్ధంతో మొదలవకూడదు. పైగా మన వీసాలో తేడా వస్తే మనం విమానం ఎక్కి వచ్చేస్తాం, ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది అక్కడి పాస్టర్ గారు.

రైల్వేలో, ఐసీఎఫ్ (పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీ)లో, ఇతర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవారు డిపార్ట్‌మెంట్ అనుమతి ముందే తీసుకోవాలి. ఈ ఉద్యోగుల భోజనం, బస ఖర్చు అక్కడి చర్చి పెట్టుకుంటానంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద కేంద్రం ముందస్తు అనుమతి కూడా కావాలి. వాళ్ళ ఖర్చు వాళ్ళే పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. పద్దెనిమిది నిండనివారిని తీసుకెళితే తల్లిదండ్రులిద్దరి నోటరీ అంగీకార పత్రం వెంట ఉండాలి. నా సలహా మాత్రం మొదటి ట్రిప్పుకు మైనర్లు వద్దనే.

డబ్బు

సంఘం ట్రస్టుగానో సొసైటీగానో రిజిస్టర్ అయి, ఆదాయ పన్ను మినహాయింపు పొందుతుంటే జాగ్రత్త. దేశం బయట ఖర్చు చేసిన సొమ్ముకు మామూలుగా ఆ మినహాయింపు వర్తించదు. అందుకని టికెట్, బస, భోజనం ఖర్చు ఎవరిది వారు సొంత ఖాతా నుంచి పెట్టుకోవడం మేలు. లేనివారికి తోటివాళ్ళు వ్యక్తిగతంగా సాయం చేయొచ్చు. మీ ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి, ఆ గంట వృథా కాదు.

ఇంకోటి. "అమెరికాలో ఉన్న మా అన్నయ్య పంపిస్తానన్నాడు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆయన ఇప్పటికీ భారత పౌరుడై, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా సంఘం ఖాతాలో ఒక్క రూపాయి పడకూడదు.

చేతి ఖర్చుకు విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్ల వరకు తీసుకెళ్ళొచ్చు, మనకు అందులో పదోవంతు కూడా అక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో యూపీఐ పని చేస్తోంది కానీ ఎస్టేట్ పక్కన టీ కొట్టులో దాన్ని నమ్ముకోవద్దు. కోశాధికారి ఒక్కరే డబ్బు చూడాలి, రోజూ రాత్రి రెండో మనిషి లెక్క సరిచూసి సంతకం పెట్టాలి.

పిల్లల భద్రత

ఈ భాగం ఎవరైనా వదిలేస్తే ట్రిప్పే వదిలేయమంటాను. పరిచయం లేని పెద్దవాళ్ళు, మన మీద గౌరవంతో నోరెత్తని పిల్లలు, చుట్టూ కొండలు. తప్పు జరగడానికి అన్నీ సిద్ధంగా ఉంటాయి. "మనవాళ్ళు అలాంటివాళ్ళు కాదు" అనుకోవడం రక్షణ కాదు.

వెళ్ళే ప్రతి ఒక్కరూ, పాస్టర్ గారితో సహా, తమిళనాడు పోలీసుల ఆన్‌లైన్ వెరిఫికేషన్ చేయించుకోవాలి. ఇద్దరు బయటివాళ్ళు వారి నడవడి గురించి రాసివ్వాలి. అక్కడ ఏ పెద్దా ఒక్క పిల్లవాడితో ఒంటరిగా గదిలో ఉండకూడదు. ప్రార్థన అడిగినా, ఏడ్చినా, తలుపు తెరిచి, రెండో పెద్ద కనపడేంత దూరంలో ఉండగానే. అమ్మాయిలకు ప్రార్థన చేసేది అక్కలే. నంబర్లు, ఇన్‌స్టాగ్రామ్ ఐడీలు ఇచ్చిపుచ్చుకోవడం వద్దు. మాట్లాడాలంటే యూత్ లీడర్ ఉన్న గ్రూపులోనే. ఇది పాటించడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పిల్లలు ప్రేమతో అడుగుతారు. "మీ అన్నని అడుగు, ఆయన ద్వారా మాట్లాడుకుందాం" అని ముందే నేర్చుకుని వెళ్ళండి.

ఫోటోలు హోస్ట్ చెప్పినప్పుడే. లయం అని పిలిచే లైన్ ఇళ్ళ (తోట కూలీలు ఉండే వరస గదుల) ముందు చెప్పుల్లేని పిల్లల్ని నిలబెట్టి తీసిన ఫోటో మన రిపోర్ట్‌కు అందంగా కనిపించొచ్చు. అదే ఫోటో ఆ పిల్లవాడు కాలేజీలో చేరాక చూస్తే ఏమనుకుంటాడు?

పిల్లవాడు ఇంట్లో కొడుతున్నారనో అంతకంటే దారుణమైనదో చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. అదే రోజు అక్కడి బాధ్యులకు చెప్పాలి. శ్రీలంకలో పిల్లల రక్షణ నంబరు 1929, పోలీసు 119, అంబులెన్స్ 1990. ఆ 1990 సేవ 2016లో భారత్ ఇచ్చిన సాయంతో మొదలైంది. మూడు నంబర్లూ ప్రతి ఒక్కరి ఐడీ కార్డు వెనుక రాసి ఉండాలి.

ఆరు శనివారాల శిక్షణ

మొదటి రెండు వారాలు చరిత్రకే ఇవ్వండి. ఈ ప్రజల పూర్వీకుల్ని బ్రిటిష్‌వాళ్ళు 1820ల నుంచి తమిళ దేశం నుంచి కాఫీ తోటలకు తీసుకెళ్ళారు, 1867 నుంచి తేయాకు వచ్చింది. 1948 చట్టంతో లక్షలమందికి పౌరసత్వం లేకుండా పోయింది. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు, అక్కడి ప్రధాని సిరిమావో బండారనాయకే చేసుకున్న ఒప్పందంతో ఎంతోమందిని ఇండియాకు పంపేశారు, నీలగిరుల్లో ఆ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మిగిలిపోయినవారి పౌరసత్వం 2003 చట్టంతో గానీ తేలలేదు. ఇది తెలియకుండా వెళ్ళి "మీరూ ఇండియావాళ్ళే కదా" అని ప్రేమగా అన్నా వాళ్ళకు గుచ్చుకుంటుంది. అది వాళ్ళ దేశం. తమది అనిపించుకోవడానికి తరాలు పోరాడారు. రోజు కూలి 1,000 శ్రీలంక రూపాయలకు చేరింది కూడా 2021లోనే.

మూడో వారం మతం, మర్యాద. అక్కడి రాజ్యాంగంలో బౌద్ధానికి అగ్రస్థానం ఉంది. ఎస్టేట్లలో ఎక్కువమంది హిందువులు. వీధుల్లో కరపత్రాలు పంచడం, కోవిల దగ్గర నిలబడి పాడటం లాంటివి మనం వచ్చేశాక అక్కడి సంఘానికి చిక్కు తెస్తాయి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. 2019 ఏప్రిల్ 21 ఈస్టరు రోజున చర్చిల్లో పేలిన బాంబుల గురించి కూడా చెప్పండి. మట్టకళప్పు (బట్టికలోవా)లోని సీయోను చర్చిలో చనిపోయినవారిలో సండే స్కూల్ పిల్లలు చాలామంది ఉన్నారు. కొన్ని చర్చిల గేటు దగ్గర మీ బ్యాగు తెరిచి చూస్తే విసుక్కోకండి. ఆ రోజు గురించి పిల్లల్ని మీరుగా అడగకండి.

మిగతా మూడు వారాలూ వినడం సాధన చేయండి. ఇద్దరిద్దరుగా కూర్చోండి, ఒకరు అయిదు నిమిషాలు చెప్పాలి, రెండోవారు సలహా ఇవ్వకుండా, వాక్యం చెప్పకుండా వినాలి. చెప్పినంత సులువు కాదు. మా జట్టులో సగంమంది రెండో నిమిషంలోనే "నువ్వు ప్రార్థన చెయ్యి, అంతా సరైపోతుంది" అనేశారు.

అక్కడ రోజు ఎలా గడవాలి

కొలంబో నుంచి కొండలకు రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది, మలుపుల్లో వాంతులు ఖాయం, మాత్రలు ఉంచుకోండి. నువర ఎలియ దాదాపు 1,870 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నైవాళ్ళకు ఆ చలి తెలియదు, స్వెట్టరు తప్పనిసరి. మలేరియా లేదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది కానీ డెంగ్యూ ఉంది, దోమల మందు కావాలి. తోటల్లో జలగలుంటాయి. ప్లగ్గులు ఎక్కువగా మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్లు పెట్టుకోండి. ప్రయాణ బీమా అందరికీ ఉండాలి.

స్కూలు మధ్యాహ్నం ఒకటిన్నరకు వదులుతుంది. పనికి వెళ్ళే యవనస్థులు సాయంత్రం నాలుగున్నర దాటాకే వస్తారు. అందుకే ఉదయం పూట మొత్తం అక్కడి లీడర్లకే ఇవ్వండి, అసలు పని ఇదే. ఉపన్యాసం వద్దు. ఒక వాక్యభాగం తీసుకుని మంచి ప్రశ్నలు ఎలా తయారుచేయాలో కలిసి చేయండి. ఉదాహరణకు తప్పిపోయిన కుమారుడి కథ. "ఈ కథ మనకేం నేర్పుతుంది?" అని అడిగితే పిల్లలు బడిలో చెప్పినట్టు జవాబు చెబుతారు. "ఇంటికి తిరిగొచ్చే దారిలో వాడు ఏమేం మాటలు కూడబలుక్కుని ఉంటాడు?" అని మేం అడిగినప్పుడు ఒక అబ్బాయి చాలాసేపు ఆగి, కొలంబోలో కొట్లో పని మానేసి ఇంటికి వచ్చిన రోజు బస్సులో తను అనుకున్న మాటలు చెప్పాడు. గదిలో ఎవరూ కదల్లేదు. ఆ ప్రశ్న తయారుచేసింది మా జట్టు కాదు, ఆ ఉదయం మాతో కూర్చున్న పందొమ్మిదేళ్ళ అక్కడి అమ్మాయి. ఇప్పుడు ఆమెకూ సొంతంగా ఒక నోటు పుస్తకం ఉంది.

సాయంత్రం కూడికను నడిపేది అక్కడి లీడరే. మనం వెనక వరసలో కూర్చోవాలి. పిల్లలు మనవైపు తిరిగితే మన చూపు లీడర్ వైపు ఉండాలి. పాటలు వాళ్ళవే పాడండి. కీబోర్డు, గిటార్ నేర్పాలంటే ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని రోజూ నేర్పండి, మనం వాయించి చూపించడంలో సమయం పోగొట్టొద్దు. సింహళం మాట్లాడే పిల్లలూ ఉంటే అనువాదం పెట్టండి, అప్పుడు మీ మాటలు సగానికి తగ్గించుకోవాలి.

కానుకలు పిల్లలకు విడిగా ఇవ్వొద్దు, చాక్లెట్ అయినా సరే. ఏదిచ్చినా లీడర్ చేతికే. మేం గిటార్ తీగల సెట్లు, గళ్ళ నోటు పుస్తకాలు తీసుకెళ్ళాం, అవి కూడా ఆయన అడిగినవే.

రోజూ రాత్రి అరగంట జట్టంతా కూర్చుని ఆ రోజు ఎవరి మాట మనసులో ఉండిపోయిందో చెప్పుకోండి. పిల్లల ఇళ్ళలో తాగుడు, తల్లులు గల్ఫ్‌లో ఉండటం విన్నాక మన జట్టువాళ్ళకూ బరువుగా ఉంటుంది. నిద్ర పట్టనివాళ్ళను గమనించండి.

తిరిగొచ్చాక

సంఘంలో సాక్ష్యం చెప్పేముందు ఆ స్క్రిప్టు అక్కడి పాస్టర్ గారికి పంపి, ఏది చెప్పొచ్చో ఏది వద్దో అడగండి. ఎంతమంది చేతులెత్తారన్న లెక్కలు వద్దు. నెలరోజుల్లో పైసాతో సహా ఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఆ తర్వాత ఆరు నెలలపాటు ప్రతి నెల మొదటి శనివారం రాత్రి ఎనిమిదికి అక్కడి లీడర్లతో కాల్. మనవైపు నుంచి ఇద్దరే, ఎప్పుడూ అదే ఇద్దరు. మొదటి పది నిమిషాలు వాళ్ళ ఇంటి సంగతులు, పరీక్షలు, జీతాలు, జ్వరాలు. తర్వాత వాళ్ళు పుస్తకం తెరిచి పేర్లు చదువుతారు. ఆ పేర్లు మనవైపు ఎక్కడా రాసిపెట్టుకోం. వింటాం, అప్పటికప్పుడే ప్రార్థన చేస్తాం. ఆరో నెల కాల్‌లో మళ్ళీ రమ్మంటారా వద్దా అని అడగండి. వద్దంటే, ఎందుకో అడిగి రాసుకోండి. రమ్మంటే, ఈసారి ఎంతమంది చాలో కూడా వాళ్ళనే చెప్పమనండి. పోయినసారి మాకు నలుగురు చాలన్నారు, నలుగురమే వెళ్ళాం.